వంకాయ ముక్కకు నిమ్మరసం సరే, మెదడుకు ఏం పిండాలి?

(బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో, ఒక రిటైర్డ్ బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు అడ్డమొస్తే చెప్పండి, గట్టిగా మాట్లాడతాను. ముప్ఫై నాలుగేళ్లు క్లాసుల్లో అరిచిన గొంతు, ఇంకా పనిచేస్తోంది.

పోయిన వారం మన గ్రూపులో ఒక మాట పెట్టించాను. ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే మాత్రలు, పొడులు, టానిక్కులు అన్నీ ఒక కవర్లో వేసుకుని తెమ్మన్నాను. డాక్టరు రాసినవీ, ఎవరూ రాయకుండా మనమే తెచ్చుకున్నవీ. ముందు వరసలో అమ్మగారు చీరల షాపు సంచి నిండా తెచ్చారు. (నవ్వులు) వాటి పని తర్వాత పడదాం.

ముందు ఈ బల్ల మీద రెండు ప్లేట్లు చూడండి. ఇక్కడికి రాగానే ఒక వంకాయ కోశాను. ఈ ప్లేటులో ముక్కలు ఊరికే వదిలేశాను. ఆ ప్లేటులో ముక్కల మీద అరచెక్క నిమ్మకాయ పిండాను. ఇవి అప్పుడే రంగు తిరిగాయి, అవి ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఇంట్లో వంకాయ ముక్కల్ని ఉప్పు నీళ్లలో వేస్తాం, అరటికాయ ముక్కల్ని మజ్జిగ నీళ్లలో వేస్తాం. కత్తి పడగానే ముక్కలోని ఫినాల్ పదార్థాలకు గాలిలోని ఆక్సిజన్ తగులుతుంది. మధ్యలో ఒక ఎంజైమ్ పెళ్లిపెద్దలా వాటిని కలుపుతుంది, ముక్క నల్లబడుతుంది. నిమ్మరసంలోని పులుపు ఆ ఎంజైమ్‌ను నెమ్మదింపజేస్తుంది, విటమిన్ సి అప్పటికే మారిన పదార్థాన్ని వెనక్కి తిప్పుతుంది.

ఆక్సిజన్ చేసే ఈ చెరుపును ఆపేదే యాంటీ ఆక్సిడెంట్. ఆ మాట అనగానే మన కళ్ల ముందు కదిలేది ఈ రెండో ప్లేటే. మెదడు కూడా ఇలాగే నల్లబడుతుందని, దాని మీద ఏదో ఒకటి పిండితే ఆగుతుందని అనుకుంటాం. ఇందులో మొదటి సగం చాలావరకు నిజం. చిక్కంతా రెండో సగంతోనే. ఇవాళ నేను చెప్పబోయేది అదే.

మన మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతం. మనం పీల్చే ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. పడుకున్నా, లేచినా, టీవీ ముందు కూర్చున్నా దాని ఖర్చు పెద్దగా తగ్గదు. ఆ ఆక్సిజన్‌తో కణాల్లోని చిన్న ఫ్యాక్టరీ లాంటి మైటోకాండ్రియా ఏటీపీ అనే శక్తి అణువును తయారు చేస్తుంది. ఏటీపీ పేరెత్తినప్పుడు మనవాడిని తలుచుకోకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1920ల చివర్లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ కనిపెట్టారు. మన ఒంట్లో చెలామణి అయ్యే రూపాయి అది. మెదడు ఆ రూపాయల్ని నీళ్లలా ఖర్చు పెడుతుంది.

ఆక్సిజన్‌తో పని చేస్తే కొంత ఒలుకుతుంది. పాలు పొంగినప్పుడు స్టవ్ మీద రెండు చుక్కలు పడ్డట్టు. అలా ఒలికిన చోట ఒక ఎలక్ట్రాన్ తక్కువో ఎక్కువో అయి, జత కోసం వెతుక్కుంటూ, ఎదురుపడిన దానినల్లా లాగే అణువులు పుడతాయి. ఫ్రీ రాడికల్స్ అంటే అవే. ఒళ్లు ముసలిదవడానికి ఇవే కారణమని 1956లో డెన్హమ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక సిద్ధాంతం చెప్పాడు. తర్వాత అర్ధశతాబ్దం పాటు నడిచిన మాత్రల వ్యాపారానికి అంకురం అక్కడే పడింది. పాపం, ఆయన ఉద్దేశం అది కాదు.

మిగతా ఒంటికంటే మెదడుకు ఈ బెడద ఎందుకు ఎక్కువ? ఒకటి, అది కొవ్వు మయం. తడి తీసేసి తూస్తే సగానికి పైగా కొవ్వే. అందులోనూ తొందరగా చెడిపోయే రకం కొవ్వు ఎక్కువ. డబ్బాలో అడుగున మిగిలిన వేరుశనగ పప్పులు నెలల తర్వాత నోట్లో వేసుకుంటే ఒక కనరు రుచి తగులుతుంది చూడండి, పాత నూనె వాసన కొడుతుంది, అదే ఆక్సీకరణ. ఒక కొవ్వు అణువు చెడితే పక్కదాన్ని చెరుపుతుంది, అది ఇంకోదాన్ని. ఆవకాయ జాడీలో ముక్క మీద నూనె తేలాలని మా అమ్మ పట్టుబట్టేది. ముక్కకు గాలి తగలకూడదు, అంతే. మెదడుకు ఆ సౌకర్యం లేదు. ఆక్సిజన్ లేకుండా నాలుగు నిమిషాలు కూడా బతకలేదు, ఆక్సిజన్‌తో బతికితే చెడుతుంది. పైగా అక్కడ ఇనుము ఉంది. ఇనుము తగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి ఇంకా దుడుకు రాడికల్ పుడుతుంది. నరాల కణాలు పోతే కొత్తవి పుట్టడం దాదాపు లేదు. చర్మం ఊడితే మళ్లీ వస్తుంది, ఇది అలా రాదు.

మరి మనం తొంభై ఏళ్లు ఎలా బతుకుతున్నాం? ఒంట్లోనే కాపలా ఉంది కాబట్టి. సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అనే ఎంజైమ్‌ను 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ కనిపెట్టారు. కాటలేజ్ ఉంది, గ్లూటాథయోన్ ఉంది. ఈ గ్లూటాథయోన్‌ను మన కణాలు మూడు అమైనో ఆమ్లాలతో సొంతంగా తయారు చేసుకుంటాయి, వాడినదాన్ని మళ్లీ పనికొచ్చేలా చేసుకుంటాయి. నెయ్యి డబ్బా ఖాళీ అవగానే నింపే గృహిణి లాంటిది. బయటినుంచి వచ్చే విటమిన్ ఇ, సి ఈ కాపలాలో కూలీలు. విటమిన్ ఇ కొవ్వులోకి దిగి ఆ చెడిపోయే గొలుసును తెంపుతుంది. అలా తెంపుతూ తానే చెడుతుంది, విటమిన్ సి వచ్చి దాన్ని మళ్లీ నిలబెడుతుంది. మెదడు విటమిన్ సిని రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా లోపల పోగు చేసుకుంటుంది. అంటే తనకెంత కావాలో అది ముందే చూసుకుంటోంది.

ఇక మతి క్షీణించే జబ్బు, అల్జీమర్స్ సంగతి. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టె డీటర్ అనే ఆవిడను తీసుకొచ్చారు. యాభై ఒకటి ఆమె వయసు. అలాయిస్ అల్జీమర్ అనే డాక్టరు ఆమెను పేరు అడుగుతాడు, చెబుతుంది. ఇంటిపేరు అడిగితే మళ్లీ తన పేరే చెబుతుంది. ఆమె 1906లో చనిపోయాక మెదడును మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. కణాల బయట గడ్డలు, కణాల లోపల చిక్కుపడ్డ దారాలు. గడ్డలు అమిలాయిడ్ అనే ప్రొటీన్‌వి, దారాలు టౌ అనే ప్రొటీన్‌వి అని తర్వాత తేలింది. ఈ జబ్బుతో పోయినవాళ్ల మెదళ్లలో ఆక్సీకరణ గుర్తులు కూడా దండిగా దొరికాయి. తొలిదశలోనే దొరికాయి. అమిలాయిడ్ గడ్డ చుట్టూ చేరే మైక్రోగ్లియా అనే రక్షక కణాలు కూడా ఫ్రీ రాడికల్స్‌ను వదులుతాయి.

ఇప్పుడు పాత ప్రశ్నే. గుడ్డు ముందా, కోడి ముందా? ఆక్సీకరణ వల్ల జబ్బా, జబ్బు వల్ల ఆక్సీకరణా? ఒకదాన్ని ఒకటి ఎగదోస్తున్నాయని ఎక్కువమంది ఒప్పుకుంటారు. పొగ ఉందంటే నిప్పు ఉన్నట్టే. అయితే పొగను విసనకర్రతో తోలేస్తే నిప్పు ఆరుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఇక్కడ కాస్త నా సొంత గొడవ చెప్పాలి. ఏమీ అనుకోకండి.

2011లో నాన్న పోయాక అమ్మను ప్రొద్దుటూరు నుంచి ఇక్కడికి తెచ్చుకున్నాం. యాభై ఏళ్లుగా రోజూ పప్పు చేసిన మనిషి. ఒకరోజు పొద్దున వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. వెళ్లి చూస్తే పోపు గరిట స్టవ్ మీద ఉంది, ఆవాలు చిటపటలాడి నల్లగా బొగ్గయ్యాయి. ఒక చేతిలో ఎండుమిర్చి, ఇంకో చేతిలో కరివేపాకు రెబ్బ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, "ఇందులో ముందు ఏం వెయ్యాలి నాయనా?" అంది. నేను నవ్వేశాను. చాదస్తం అనుకున్నాను. మనింట్లో పెద్దవాళ్లకు ఏమొచ్చినా ఆ ఒక్క మాటతో సరిపెట్టేస్తాం కదా.

ఆరు నెలల తర్వాత పేరు పెట్టారు జబ్బుకు. ఇక నా తెలివి మొదలైంది. బయోకెమిస్ట్రీ చదివినవాడిని, ఊరుకుంటానా? విటమిన్ ఇ 400 యూనిట్ల క్యాప్సూల్, గింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసిన మాత్ర, నానబెట్టిన బాదం, పసుపు పాలు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఏడు గదులు, ప్రతి గదిలో లెక్క ప్రకారం. రెండేళ్లు వేశాను. ఆమెకు అప్పటికే గుండె డాక్టరు ఆస్పిరిన్ రాసిచ్చాడు. చేతుల మీద నల్లటి మచ్చలు రావడం మొదలైంది. గాజు తగిలినా మచ్చే. ఒక యువ డాక్టరమ్మాయి ఆ చేతులు పట్టుకు చూసి, "ఇంకేమైనా వేస్తున్నారా సార్?" అనడిగింది. నేను ఆ డబ్బా చూపించాను. ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు, ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది. విటమిన్ ఇ ఎక్కువ మోతాదులో రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది. ఆస్పిరిన్ చేసే పనీ అదే. గింకో మీద కూడా ఆ అనుమానం ఉంది. రెండు రెళ్ళు నాలుగని నాకు తెలియదా? తెలుసు. క్లాసులో చెప్పాను కూడా. ఇంట్లో గుర్తు రాలేదు.

పైగా ఏమిటంటే, అప్పటికే చాలా ఫలితాలు వచ్చేశాయి, నేనే చదవలేదు. అవీ, తర్వాత వచ్చినవీ ఇప్పుడు చెబుతాను, ఈ భాగం కొంచెం ఓపిగ్గా వినండి.

2005లో అమెరికాలో, జబ్బు ఇంకా పూర్తిగా రాని, మతిమరుపు మాత్రం మొదలైన 769 మందిని మూడేళ్లు చూశారు. కొందరికి రోజూ 2,000 యూనిట్ల విటమిన్ ఇ. జబ్బు రావడంలో తేడా ఏమీ లేదు. 2008లో గింకో మీద, 3,069 మంది పెద్దవాళ్లు, రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాములు. తేడా లేదు. 2017లో ఆరోగ్యంగా ఉన్న 7,540 మంది పెద్ద వయసు మగవాళ్లకు విటమిన్ ఇ, సెలీనియం విడివిడిగానూ కలిపీ ఇచ్చి చూసిన ఫలితం వచ్చింది. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతి క్షీణించే జబ్బులు, తగ్గలేదు. ఆలస్యంగా మొదలుపెట్టారు కాబట్టి పనిచేయలేదు అనే వాదన ఒకటుంది, అందులో కొంత న్యాయం కూడా ఉంది. అమిలాయిడ్ పేరుకోవడం లక్షణాలు కనబడడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. కానీ ఈ మూడోదాంట్లో జబ్బు లేనివాళ్లకే కదా ఇచ్చింది.

నన్ను అన్నిటికంటే ఆలోచనలో పడేసింది ఒక చిన్న ప్రయోగం. 2012లో వచ్చింది, 78 మంది మీద. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో కొందరికి విటమిన్ ఇ, సి, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ కలిపి పదహారు వారాలు ఇచ్చారు. వెన్నులోంచి నీరు తీసి కొలిస్తే ఆక్సీకరణ గుర్తు నిజంగానే తగ్గింది. అంటే మందు చేరాల్సిన చోటికి చేరింది, చేయాల్సిన పని చేసింది. కానీ జ్ఞాపకశక్తి పరీక్షలో వాళ్ల మార్కులు మిగతావాళ్ల కంటే ఇంకా వేగంగా పడిపోయాయి. పొగ తగ్గింది, ఇల్లు ఇంకా తొందరగా కాలింది.

ఒక్క మాట విటమిన్ ఇ వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2014లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 613 మంది మీద జరిగిన ప్రయోగంలో, జబ్బు ఒక మోస్తరుగా ఉన్నవాళ్లలో 2,000 యూనిట్ల విటమిన్ ఇ రోజువారీ పనులు చేసుకునే శక్తి తగ్గడాన్ని ఏడాదికి 19 శాతం నెమ్మదింపజేసింది. బట్టలు కట్టుకోవడం, స్నానం, తిండి లాంటివి. జ్ఞాపకం మీద పెద్ద మార్పు లేదు. సంరక్షణ చేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, నాకు తెలుసు. కొందరు డాక్టర్లు దీన్ని బట్టే రాస్తారు. డాక్టరు చూసి, రక్తం పలచబరిచే మాత్రలు ఉన్నాయా లేవా అడిగి రాస్తే అది వేరు. నాలాగా డబ్బాలో నింపడం వేరు.

ఎందుకంటే హాని కూడా లెక్కల్లో ఉంది. ఫిన్లాండ్‌లో 29,133 మంది సిగరెట్ తాగే మగవాళ్లలో కొందరికి బీటా కెరోటిన్ ఇచ్చారు, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందేమోనని. 1994లో ఫలితం చూస్తే 18 శాతం పెరిగింది. రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ వేసుకున్న మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. క్యారెట్ తింటే క్యాన్సర్ వస్తుందని ఎవరూ ఇంటికి వెళ్లి చెప్పకండి. క్యారెట్ వేరు, క్యాప్సూల్ వేరు.

ఇలా ఎందుకు జరిగింది? నా బల్ల మీద వంకాయకు మెదడుకు తేడా ఉంది కాబట్టి. వంకాయ ముక్క మీద నిమ్మరసం నేరుగా పడింది. మనం మింగింది పేగుల్లో కొంత పోతుంది, కాలేయం కొంత మార్చేస్తుంది, మిగిలినదాంట్లో చాలావరకు మెదడు గుమ్మం దగ్గర ఆగిపోతుంది. రక్తానికి మెదడుకు మధ్య ఒక గట్టి గోడ ఉంది, మన అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ కంటే గట్టిది, యాప్‌లో ఓకే చేసినా లోపలికి పంపదు. (నవ్వులు) ఇంకోటి, ఫ్రీ రాడికల్స్ అన్నీ దొంగలు కారు. తెల్లరక్తకణాలు బ్యాక్టీరియాను చంపేది వాటితోనే. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కూడా వాడతాయి. వ్యాయామం చేస్తే ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి, ఆ అలజడికే ఒళ్లు తన సొంత కాపలాను పెంచుకుంటుంది. 2009లో జర్మనీలో కుర్రవాళ్లతో వ్యాయామం చేయించి, కొందరికి విటమిన్ సి, ఇ మాత్రలు ఇచ్చారు. మాత్రలు వేసుకున్నవాళ్లకు ఇన్సులిన్ పనితీరులో రావలసిన లాభం రాలేదు.

ఇంకో సరదా సంగతి. యాపిల్ తిన్నాక రక్తంలో యాంటీ ఆక్సిడెంట్ శక్తి పెరుగుతుంది. అది యాపిల్‌లోని గొప్ప పదార్థాల వల్ల కాదు, పండులోని చక్కెర వల్ల యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చిందని చూపించారు. యూరిక్ యాసిడ్ మంచి యాంటీ ఆక్సిడెంట్. దాన్ని తగ్గించుకోవడానికి మనలో ఎంతమంది మాత్రలు వేసుకుంటున్నారో చేతులెత్తండి. అదుగో. ఏ పండుకు ఎంత యాంటీ ఆక్సిడెంట్ శక్తి అని మార్కులు వేసే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. పరీక్షనాళికలో వచ్చిన ఆ అంకెకు, ఒంట్లో జరిగేదానికి పొంతన లేదని, కంపెనీలు దాన్ని అడ్డం పెట్టుకుని అమ్ముకుంటున్నాయని. ఇప్పటికీ ఇక్కడ మాల్‌లో పొడి డబ్బాల మీద ఆ అంకెలు కనిపిస్తాయి.

పసుపు సంగతి అడగాలని వెనక ఒకాయన అప్పటినుంచీ చెయ్యి ఎత్తి దించుతున్నారు. చెబుతాను. పసుపులోని కర్కుమిన్ పరీక్షనాళికలో అమిలాయిడ్‌ను అంటుకుంటుంది, ఎలుకల్లో మంచి ఫలితాలు ఇచ్చింది. మనుషుల్లో అది రక్తంలోకి ఎక్కడమే గగనం. జబ్బు వచ్చినవాళ్లకు ఇచ్చి చూసిన ప్రయోగంలో లాభం కనబడలేదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో అల్జీమర్స్ చాలా తక్కువని 2001లో వచ్చిన అధ్యయనాన్ని పట్టుకుని పసుపే కారణమని ప్రచారం జరిగింది. ఆ అధ్యయనం చేసినవాళ్లు పసుపును కొలవలేదు. అక్కడ ఆయుర్దాయం తక్కువ, పరిశీలించిన కాలం తక్కువ. పప్పులో పసుపు వేయండి, హాయిగా తినండి. క్యాప్సూల్ మాత్రం వద్దు.

అశ్వగంధ కథ ఇంకా బాగుంటుంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న విజయలక్ష్మి రవీంద్రనాథ్ గారి బృందం 2012లో, జబ్బు పుట్టించిన ఎలుకలకు అశ్వగంధ వేరు సారం ఇచ్చింది. ఎలుకలు తేరుకున్నాయి. ఎలా తేరుకున్నాయంటే, ఆ సారం కాలేయంలో ఒక ప్రొటీన్‌ను పెంచింది. అది రక్తంలోని అమిలాయిడ్‌ను లాగేసింది, దాంతో మెదడులోది బయటికి వచ్చింది. చూశారా, మందు పనిచేసింది మెదడులో కాదు, కాలేయంలో. యాంటీ ఆక్సిడెంట్ గొడవే లేదు. ఇదీ ఎలుకల్లోనే. అంగట్లో దొరికే అశ్వగంధ పొడితో కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఆవిడే తర్వాత మన ఊళ్లో ఐఐఎస్సీలో సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు. ఆ సెంటర్ వాళ్లు కోలారు జిల్లా శ్రీనివాసపురంలో నలభై అయిదేళ్లు దాటిన పల్లెవాసుల్ని ఏళ్ల తరబడి గమనించే పెద్ద అధ్యయనం నడుపుతున్నారు. పది వేల మందిని చేర్చుకోవాలని లక్ష్యం. శ్రీనివాసపురం అంటే మామిడిపళ్లే కదా మనకు తెలిసింది, ఎండాకాలం కె.ఆర్. మార్కెట్‌కు వచ్చే లారీలు. అక్కడ చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. మన మెదళ్ల గురించి అమెరికా లెక్కలు కాకుండా మన లెక్కలు వచ్చేది అక్కడినుంచే.

తిండి గురించి రెండే మాటలు. ఆకుకూరలు, పప్పులు, గింజలు ఎక్కువగా తినేవాళ్లలో అల్జీమర్స్ తక్కువని 2015లో మైండ్ డైట్ అనే తిండి పద్ధతి మీద జరిగిన పరిశీలన చెప్పింది. 2023లో అదే డైట్‌ను 604 మందికి మూడేళ్లు పెట్టి చూస్తే, మామూలుగా తింటూ కాస్త తగ్గించినవాళ్లకూ వీళ్లకూ తేడా తేలలేదు. కాబట్టి మునగాకు, గోంగూర, నేరేడు, ఉసిరి తింటే అల్జీమర్స్ రాదని నేను చెప్పను. గుండెకు మంచిది, షుగర్‌కు మంచిది, రుచిగా ఉంటుంది. పొద్దున మన గేటు ముందుకు సొప్పు బండి, అదే ఆకుకూరల బండి, వస్తుంది, అక్కడ పది రూపాయల తోటకూర కొనండి. పన్నెండు వందల డబ్బా కంటే నయం. మరిగిన నూనెలో నాలుగోసారి వేసిన మిర్చి బజ్జీ మాత్రం తగ్గించండి. అది చెప్పే అర్హత నాకు లేదు, నేనూ తింటాను.

మరి చేయగలిగింది ఏముంది? 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ పద్నాలుగు కారణాలు చెప్పింది. వాటిని సరిచేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని లెక్క. బీపీ, షుగర్, సిగరెట్, కదలకుండా కూర్చోవడం లాంటివి మీకు తెలిసినవే. యాంటీ ఆక్సిడెంట్ల లోటు ఆ జాబితాలో లేదు. అన్నిటికంటే పెద్ద వాటా దేనిదనుకుంటున్నారు? చెడు కొలెస్ట్రాల్‌ది 7 శాతం. దానితో సమానంగా వినికిడి తగ్గడం, 7 శాతం.

వినికిడి దగ్గర కాసేపు ఆగుతాను. ఊరి నుంచి వచ్చి ఇక్కడ పదో అంతస్తులో ఉండే అత్తగారిని తలుచుకోండి. కోడలు ఏదో అడుగుతుంది, ఆమెకు సగమే వినబడుతుంది, "ఆఁ ఆఁ" అని నవ్వుతుంది. మళ్లీ అడిగితే విసుక్కుంటారని. నెమ్మదిగా మాట్లాడడం మానేస్తుంది. కింద పార్కుకు వెళ్లడం మానేస్తుంది, అక్కడ కన్నడం, హిందీ. టీవీ సౌండు పెంచుతుంది, మనం తగ్గిస్తాం. మా అమ్మ ఎడమ చెవి అలాగే పోయింది. విటమిన్లకు నెలనెలా డబ్బు తగలేసిన నేను, ఆమెను చెవి పరీక్షకు తీసుకెళ్లింది మూడేళ్ల తర్వాత. చెవి మిషన్ పెడితే అందరికీ మతి నిలుస్తుందని కూడా చెప్పలేం. 2023లో వచ్చిన ప్రయోగంలో మొత్తం మీద తేడా రాలేదు, ప్రమాదం ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లలో మాత్రం మూడేళ్లలో క్షీణత 48 శాతం నెమ్మదించింది. అయినా మనవరాలి మాట వినబడడానికి డిమెన్షియా సాకు అక్కర్లేదు కదా.

ఇంకొకటి, మన తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గది. ఇక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ ప్రొఫెసర్ సువర్ణ అల్లాడి గారు, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించారు. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. బడి ముఖం చూడనివాళ్లలో కూడా ఆ తేడా ఉంది. 2013లో ప్రచురించారు. అంటే సొప్పు బండివాడితో కన్నడంలో బేరమాడే మన అమ్మలు తెలియకుండానే ఏదో చేసుకుంటున్నారు. ఆ బేరం పని కొడుకులు ఫోన్ యాప్‌తో తీసేసుకోకండి.

ఇక ఒక్క విషయం, తర్వాత ప్రశ్నలు. మతిమరుపు కనిపించగానే అల్జీమర్స్ అని మీరే తీర్మానించకండి, చాదస్తం అని కొట్టిపారేయకండి. బి12 లోపం, థైరాయిడ్, దిగులు, నిద్రమాత్రలు, ఇవన్నీ మతిమరుపు తెప్పిస్తాయి, చాలావరకు సరవుతాయి. మన శాకాహారుల్లో బి12 తక్కువగా ఉండడం మామూలే. ఒక రక్త పరీక్ష. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేశారు. వాళ్లలో ఎంతమంది ఇంట్లో దాన్ని ఇంకా చాదస్తమే అంటున్నారో.

అడగండి.

(ఒక మహిళ: మా అత్తయ్యకు రోజూ ఎనిమిది బాదంపప్పులు నానబెట్టి పెడుతున్నాను సార్. మానేయమంటారా?)

ఎందుకమ్మా, పెట్టండి. బాదంలో విటమిన్ ఇ ఉంది, కానీ ఎనిమిది పప్పుల్లో ఉండేది కొద్దిగానే, ఏ హానీ లేదు. ఆవిడ పళ్లు గట్టిగా ఉన్నాయా? లేకపోతే పొడి చేయండి. మీరు పక్కన కూర్చుని తింటే ఇంకా మంచిది.

(ఒక పెద్దాయన: సుడోకు చేస్తే వస్తుందా, పోతుందా?)

సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది సార్. (నవ్వులు) ఫిన్లాండ్‌లో 1,260 మంది పెద్దవాళ్లకు తిండి, వ్యాయామం, బుర్రకు పని, బీపీ షుగర్ల కాపలా, అన్నీ కలిపి రెండేళ్లు చేయించారు. 2015లో ఫలితం మంచిగా వచ్చింది. విడిగా ఒక్కటి కాదు, అన్నీ కలిపి. సుడోకు పుస్తకం తీసుకుని పార్కు చుట్టూ నడుచుకుంటూ వెళ్లి, బెంచీ మీద ఎవరితోనైనా తగాదా పడుతూ చేయండి.

సరే, ఇక సంచులు. అమ్మా, ఆ చీరల సంచి ఇలా ఇవ్వండి. బల్ల మీద పోయనా? వంకాయ ప్లేట్లు కాస్త పక్కకు జరపండి ఎవరైనా. నిమ్మరసం వేసినవి కూడా అంచుల్లో రంగు తిరిగాయి, చూడండి.

ఇది బీపీ మాత్ర. ఇది షుగర్‌ది. ఇది గ్యాస్‌ది, ఇంకో పేరుతో ఇదీ గ్యాస్‌దే. ఈ రక్తం పలచబరిచే మాత్ర ఎవరిదమ్మా?

(మావారిది సార్. పోయినేడు స్టెంట్ వేశారు.)

మరి ఈ ఆకుపచ్చ క్యాప్సూల్స్?

(అవీ ఆయనవే. మా అబ్బాయి పంపించాడు, మతిమరుపుకు మంచిదని.)

ఇది విటమిన్ ఇ, 400. ఇది గింకో. డాక్టరుకు చెప్పారా?

(లేదు సార్. విటమిన్లే కదా అని...)

చెయ్యి చూపించమనండి ఒకసారి. సార్, మీరు ఇటు రండి, లైటు కిందికి. ఈ మచ్చ ఎప్పటినుంచి ఉంది? డాక్టరు రాసిన మాత్ర ఒక్కటీ ఆపకండి. ఈ రెండూ నా దగ్గర పెట్టుకోను, మీ దగ్గరే ఉంచండి, స్ట్రిప్పుల్ని అలాగే రేపు పొద్దున గుండె డాక్టరుకు చూపించండి. లేదు, రేపటిదాకా ఎందుకు, ఆయన నంబరుంటే ఇప్పుడే ఫోటో తీసి పంపండి. తర్వాత ఎవరు? ఆ నీలం కవరు ఇటివ్వండి సార్.